న్యాయాధిపతి తలుపు తట్టిన దాసి: సొజర్నర్ ట్రూత్ జీవితము

ధ్యానమునకు: ఆదికాండము 16, లూకా 18:1-8, కీర్తన 39:12



లూకా సువార్త 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన విధవరాలి కథ మనమందరము ఎరిగినదే. ఆ ఊరి న్యాయాధిపతికి దైవభీతి లేదు, మనుష్యుల లెక్క అంతకన్న లేదు. విధవరాలికి డబ్బు లేదు, ఆమె పక్షమున మాటలాడు మగదిక్కు లేదు. మరల మరల వెళ్లుటకు కాళ్లును, అడుగుటకు నోరును మాత్రమే ఆమెకున్నవి. మనము దీనిని ఉపమానమని విని ఊరకుందుము గాని, ఇట్టి స్త్రీ నిజముగా ఎక్కడనైనను ఉండెనా అని తలంచము. ఈ నెల అట్టి యొక స్త్రీ జీవితమును మీ ముందుంచదలచితిమి. ఆమె బానిసగా పుట్టెను. అక్షరము ముక్క రానిది. ఈ పత్రికను చదువు రానివారికి చదివి వినిపించెడి పిల్లలు ఈ నెల కొంచెము నెమ్మదిగా చదువుదురు గాక. అట్టి పిల్లలు ఈ కథలోనే ఒకచోట కనబడుదురు.

అమెరికాలో బానిసత్వమనగానే దక్షిణపు ప్రత్తి చేలు మన తలంపునకు వచ్చును. కాని ఉత్తరమున న్యూయార్క్ రాష్ట్రములో కూడ 1827 వరకు మనుష్యులను కొనుచు అమ్ముచు నుండిరి. ఆ రాష్ట్రములోని అల్‌స్టర్ జిల్లాలో, హర్లీ అను ఊరి దగ్గర, సుమారు 1797లో ఇసబెల్లా అను పిల్ల పుట్టెను. పుట్టిన దినము ఎవరును వ్రాసి ఉంచలేదు. దూడ పుట్టిన దినమును గుర్తుంచుకొను యజమానులు దాసి బిడ్డ పుట్టిన దినమును గుర్తుంచుకొనలేదు. ఆ ప్రాంతమంతయు మొదట డచ్చివారిది. మన మచిలీపట్టణము, భీమునిపట్టణము రేవులలో వర్తకము చేసినది ఆ జాతివారే. పులికాటు రేవు నుండి కరవు కాలములలో మన కోరమాండల్ తీరపు జనులను బానిసలుగా ఓడలకెక్కించినదియు వారే. కనుక ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు. ఇసబెల్లాకు తల్లి నేర్పిన భాష డచ్చి భాష. తొమ్మిదేండ్లు వచ్చువరకు ఆమెకు ఇంగ్లీషు తెలియదు.

తండ్రి పేరు జేమ్స్. పొడుగరి గనుక చెట్టు అని అర్థమిచ్చు డచ్చి మాటతో బామ్‌ఫ్రీ అని పిలిచెడివారు. తల్లి ఎలిసబెతు. యజమానులు హార్డెన్‌బర్గ్ కుటుంబమువారు, సంఘములో పేరున్నవారు. వారి క్రొత్త ఇంటి క్రింద నేలమాళిగలో బానిసలందరు, ఆడవారు మగవారు పిల్లలు అను భేదము లేక, కలిసి పండుకొనెడివారు. పరచిన పలకల సందులలో బురద నీరు ఆడుచుండెను. తలక్రింద గడ్డి. పైయంతస్తులో కుటుంబ ప్రార్థన జరుగుచుండెను గాబోలు.

ఎలిసబెతునకు పది పన్నెండుమంది బిడ్డలు కలిగిరి గాని దాదాపు అందరును అమ్ముడుపోయిరి. ఒక చలికాలపు ఉదయమున అయిదేండ్ల మైకేలును, మూడేండ్ల నాన్సీని మంచుబండిలో ఎక్కించుకొని పోయిరి. ఆ సంగతిని తల్లి సాయంకాలములలో చెప్పుచు ఏడ్చుచుండగా ఇసబెల్లా వినెడిది. ఆ తల్లి బిడ్డలకు ఇచ్చిన ఆస్తి ఒక్కటే. ఆకాశము క్రింద కూర్చుండబెట్టి, పైన ఒక దేవుడున్నాడనియు, ఆయన విని చూచువాడనియు, దెబ్బలు తగిలినప్పుడు ఆయననే అడుగవలెననియు చెప్పెడిది. ప్రభువు నేర్పిన ప్రార్థనను డచ్చి భాషలో వల్లింపజేసెను. ఆదికాండము 16వ అధ్యాయములో హాగరు అను దాసి అరణ్యములో దేవునికి ఏ పేరు పెట్టెనో ఒకసారి తెరచి చూడుడి. ఎలిసబెతు ఆ అధ్యాయమును చదివియుండదు. అయినను అదే పేరును బిడ్డకు నేర్పెను.

సుమారు 1806లో యజమాని చనిపోగా వేలము వేసిరి. తొమ్మిదేండ్ల ఇసబెల్లాను కొన్ని గొఱ్ఱెలతో కలిపి 100 డాలర్లకు జాన్ నీలీ అను వానికి అమ్మిరి. వారు ఇంగ్లీషు మాటలాడుదురు, ఈమెకు రాదు. మూకుడు తెమ్మనిన కుండ కొక్కెము తెచ్చెడిది, దెబ్బలు తినెడిది. ఒక ఆదివారము ఉదయమున నీలీ ఆమెను కొట్టమునకు పిలిచి, నిప్పులలో కాచి త్రాళ్లతో కట్టిన బెత్తముల కట్టతో నెత్తురు కారునట్లు కొట్టెను. ఆ మచ్చలు చచ్చువరకు మాయలేదు. దేవుని దినమున అని మేము ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు.

తరువాత ఒక సత్రము యజమాని 105 డాలర్లకు కొనెను. 1810లో న్యూ పాల్ట్జ్ ఊరి జాన్ డూమాంట్ కొనెను. ఇతని యొద్ద ఆమె పదునారు సంవత్సరములుండెను. రాబర్టు అను ఒక బానిసను ఆమె ప్రేమించెను. అతని యజమానునికి అది ఇష్టము లేక అతనిని చావగొట్టి ఈడ్చుకొనిపోయెను. పిమ్మట థామస్ అను తనకన్న చాల పెద్దవానితో ఆమెకు జత కుదిర్చిరి. అయిదుగురు బిడ్డలు పుట్టిరి. పొలము పనికి వెళ్లునప్పుడు పసిబిడ్డను బుట్టలో పెట్టి చెట్టుకొమ్మకు త్రాళ్లతో వ్రేలాడదీసి, మరియొక బిడ్డను ఊపుటకు నిలిపెడిది. మన చేలగట్ల మీద తల్లులు కట్టు చీర ఉయ్యాల వంటిదే అదియు. ఏటి నడుమ నొక చిన్న లంకలో విల్లో కొమ్మలు అల్లి ఒక గూడు చేసికొని అక్కడ బిగ్గరగా ప్రార్థించెడిది. గట్టిగా అరువనిచో దేవునికి వినబడదని ఆమె నమ్మకము.

న్యూయార్క్ చట్టము ప్రకారము పాత బానిసలందరికి 1827 జూలై 4న విడుదల రావలసియుండెను. నమ్మకముగా పనిచేసిన ఒక సంవత్సరము ముందే విడిచెదనని డూమాంట్ మాటయిచ్చెను. గడువు వచ్చెను. ఆమె చేతికి గాయమై పని కొంత తగ్గినదని సాకు చెప్పి మాట తప్పెను. ఆమె తన వంతుగా 100 పౌనుల ఉన్ని వడికి ఇచ్చి, ఇక ఋణము తీరినదని తలంచెను. రాత్రి వెళ్లుటకు భయము, పగలు వెళ్లిన అందరు చూతురు. ఈ చిక్కును దేవునికి చెప్పగా, తెల్లవారుటకు కొంచెము ముందు బయలుదేరవచ్చునన్న తలంపు వచ్చెను. ఆ చిన్న తలంపునకు ఆయనను స్తుతించి, 1826లో ఒకనాటి వేకువను పసిబిడ్డ సోఫియాను చంకనిడుకొని నడచి వెళ్లెను.

ఐజాక్ వాన్ వాగెనెన్, అతని భార్య మరియా ఆమెను చేర్చుకొనిరి. డూమాంట్ వెదకుచు రాగా ఐజాక్ బానిసలను కొనుట తన అలవాటు కాదని చెప్పియు, తగవు తీరుటకు మిగిలిన సంవత్సరపు పనికి 20 డాలర్లు, బిడ్డకు 5 డాలర్లు ఇచ్చెను. ఇసబెల్లా అతనిని యజమానుడని పిలువగా వద్దనెను. తనకును ఆమెకును యజమానుడు ఒక్కడే అని చెప్పెను. ఆ మాటకు ఆమె చాలసేపు తెల్లబోయి నిలిచెనట.

ఆ ఇంటిలో అన్నియు శాంతముగా నుండెను. శాంతములో మనిషి దేవుని మరచునట్లు కష్టములో మరువడు, ఆమెయు మరచెను. పెంతెకొస్తు పండుగను డచ్చివారు పింక్‌స్టర్ అందురు. బానిసలకు అది ఆటపాటల దినము, త్రాగుడు దినము. ఆ పండుగకు పాత స్నేహితులను చూడవలెనని డూమాంట్ బండిలో తిరిగి పోవుటకు సిద్ధపడెను. అప్పుడు దేవుడు లేని చోటు లేదన్న తెలివి మెరుపువలె ఆమెను తాకెను. లంకలో చేసిన వాగ్దానములన్నియు జ్ఞాపకమునకు వచ్చి, ఆయన యెదుట నిలువలేక వణకెను. తనకును దేవునికిని నడుమ ఎవరైనను నిలిచిన బాగుండునని కోరెను. ఎవరో నిలిచినట్లు, ఎండలో నీడవలె కాపాడినట్లు తోచెను. అది యేసని ఆమెకు తెలిసెను. అంతకు ముందు ఆ పేరు వినియుండెను గాని, ఆయన కూడ వాషింగ్టను వంటి ఒక గొప్ప దొర అని అనుకొనెడిది! వేదాంత పాఠశాల ముఖమెరుగని స్త్రీకి మధ్యవర్తి సిద్ధాంతము ఇట్లు అబ్బెను.

ఇక న్యాయాధిపతి సంగతి. డూమాంట్ యొద్దనున్న ఆమె కుమారుడు పీటరు అయిదేండ్లవాడు. బానిసల బిడ్డలు ఇంకను అనేక సంవత్సరములు ఊడిగము చేయవలెనని చట్టము. అయినను వారిని రాష్ట్రము దాటించి అమ్మరాదనియు అదే చట్టము. పీటరు చేతులు మారి గెడ్నీ అను కుటుంబమునకు చేరి, అక్కడనుండి వారి ఆడబిడ్డ భర్తయైన ఫౌలరుతో దూరమైన అలబామాకు పంపబడెను. అక్కడ విడుదల చట్టమేదియు లేదు. అక్కడికి పోయినవాడు బ్రదికినంతకాలము బానిసయే.

తల్లి నడచుచు మొదట డూమాంట్ భార్య యొద్దకు వెళ్లెను. ఒక నల్ల పిల్లవాని కొరకు ఇంత గోలయా అని ఆమె ఎగతాళి చేసెను. గెడ్నీల తల్లి యొద్దకు వెళ్లగా, తన కుమార్తెయు అలబామాకే పోయినది గదా, ఆమెకన్న నీ కొడుకు గొప్పవాడా అని నవ్వెను. ఇసబెల్లా బయటకు వచ్చి దేవునికి మొఱ్ఱపెట్టెను. క్వేకర్లనెడి స్నేహితుల సంఘమువారి యొద్దకు వెళ్లుమని ఒకరు చెప్పిరి. వారు ఆ రాత్రి ఆమెకు ఎత్తైన తెల్లని పడక ఇచ్చిరి. పుట్టినది మొదలు అట్టి పడకపై పండుకొనలేదు గనుక దాని క్రింద పండుకొందునా అని చాలసేపు ఆలోచించి, ఇంటి ఇల్లాలు నొచ్చుకొనునని పైననే పండుకొనెను.

మరునాడు కింగ్‌స్టన్ న్యాయస్థానము. గ్రాండ్ జ్యూరీ యెదుట, ఆ బిడ్డ తన కుమారుడేనని పుస్తకముపై ప్రమాణము చేసెను. అక్కడి గుమాస్తాలు ఆమెను చూచి నవ్విరి. ఒక ఉత్తరువు పుట్టెను. దానిని చేతపట్టుకొని వట్టి కాళ్లతో పరుగు నడకగా తొమ్మిది మైళ్లు పోయి అమీనునకు అందజేసెను. అతడు దానిని పొరబాటున వేరొకనికి చూపెను. ఇంతలో సాలమన్ గెడ్నీ పడవ దాటి తప్పించుకొనెను. అయినను జైలు భయముతో అలబామాకు పోయి పిల్లవానిని తీసికొని వచ్చెను. వచ్చియు విడువలేదు. మరల విచారణకు నెలలు ఆగవలెననిరి. ఆమె ఆగలేదు. 5 డాలర్లు తెచ్చిన త్వరలో బిడ్డను ఇప్పించెదనని ఒక వకీలు చెప్పగా, క్వేకర్ల ఊరికి నడచి వెళ్లి అడిగెను. వారు అంతకన్న ఎక్కువే ఇచ్చిరి. ఆమె మొత్తమును వకీలు చేతిలో పెట్టెను. మిగిలిన డబ్బుతో చెప్పులు, బట్టలు కొనుక్కొనరాదా అని పలువురు మందలించిరి. బిడ్డ కొరకు ఇచ్చినది బిడ్డకే అని ఆమె తలంపు. కొంతమంది ఆమెను తెలివిలేనిదనవచ్చును. మాకు అట్లు తోచలేదు.

1828లో పిల్లవానిని న్యాయాధిపతి యెదుట నిలిపిరి. వాడు తల్లిని చూచి కేకలు వేసెను. ఆమె తన తల్లి కాదనెను. మోకాళ్లూని, మంచి యజమానుని విడువనని ఏడ్చెను. నుదుట పెద్ద మచ్చ ఎట్లు వచ్చినదని అడుగగా గుఱ్ఱము తన్నినదనెను. అంతయు నేర్పించి తెచ్చినదేనని న్యాయాధిపతి గ్రహించి, బిడ్డను తల్లికి అప్పగించెను. ఒక నల్లజాతి స్త్రీ తెల్లవారి మీద వ్యాజ్యమాడి బిడ్డను గెలిచిన మొదటి సంగతులలో ఇది ఒకటి. ఆ వ్యాజ్యపు కాగితములు దాదాపు రెండు వందల సంవత్సరములు కట్టలలో పడియుండి, 2022లో న్యూయార్క్ రాష్ట్ర దస్తావేజుల భాండారములో బయటపడినవి. సంతకమునకు బదులు ఆమె పెట్టిన గుర్తు వాటిపై నున్నది.

ఆ రాత్రి చొక్కా విప్పి చూడగా బిడ్డ వీపు దున్నిన చేనువలె నుండెను. అది ఫౌలరు పని. ఇంటి ఇల్లాలు ఎలైజా, గెడ్నీల కుమార్తె, భర్త నిద్రించిన తరువాత వచ్చి పుండ్లకు నూనె వ్రాసి ఏడ్చెడిదని వాడు చెప్పెను. ఆ మచ్చలు చూచి తల్లి కోపముతో, వారికి రెండంతలు చేయుమని దేవునికి మొఱ్ఱపెట్టెను. కొంతకాలమునకు ఒక వార్త వచ్చెను. ఫౌలరు ఆ ఎలైజానే కొట్టి చంపెను. ఇసబెల్లా దిగులుపడి, ఇది రెండంతలు కాదు, తాను ఇంత కోరలేదని దేవునితో చెప్పుకొనెను. పగతీర్చు కీర్తనలను మనము సంఘములో పాడుచు చదువుచు నుందుము. వాటిని ఒకరి పేరు పెట్టి ప్రార్థించుటకు ముందు ఈ తల్లి దుఃఖమును జ్ఞాపకము చేసికొందుము.

తరువాత ఆమె పీటరుతో న్యూయార్క్ పట్టణమునకు వెళ్లి ఇండ్లలో పని చేసికొనుచు బ్రదికెను. జాన్ స్ట్రీట్ మెథడిస్టు గుడికి కొంతకాలము వెళ్లెను. ఆ గుడిలో నల్లవారిని వెనుకకు నెట్టుచుండుటచేత 1796లోనే కొందరు విడివడి సీయోను అను తమ సంఘము కట్టుకొనియుండిరి. ఆమెయు అందులో చేరెను. ప్రభువు బల్ల యొద్ద ముందెవరు వెనుకెవరు అని చూచు అలవాటు ఆ దేశములో మాత్రమే ఉండెనని మేము చెప్పజాలము. ఆ పట్టణములో ఒకనాడు తన సోదరుడు మైకేలును కలిసికొనెను. మంచుబండిలో ఎక్కించుకొని పోయిన నాన్సీ ఏమైనదని అడుగగా, ఈ మధ్యనే చనిపోయినదనియు, సీయోను గుడికే వచ్చెడిదనియు చెప్పి, ఆనవాళ్లు చెప్పెను. ఆ స్త్రీ ప్రక్కన మోకరించి తాను ప్రార్థించియున్నానని ఇసబెల్లాకు అప్పుడు తెలిసెను. చేయి చేయి పట్టుకొన్నారు గాని అక్కచెల్లెండ్రమని ఇద్దరికిని తెలియలేదు.

ఆమె తప్పటడుగును దాచుట మాకిష్టము లేదు. 1832లో మత్తీయస్ అని పేరు పెట్టుకొనిన ఒకడు తానే దేవుని ఆత్మ గలవాడనని, తండ్రియని చెప్పుకొనుచు వచ్చెను. పొడవైన గడ్డము, గంభీరమైన మాటలు. పియర్సన్ అను ధనవంతుడైన వర్తకుడు మోసపోయెను. ఇసబెల్లాయు మోసపోయి తన కష్టార్జితమును వారి సొమ్ముతో కలిపెను. 1834లో పియర్సన్ చనిపోగా ఆ రాజ్యము కూలినది. ఆ గుంపులోని ఫోల్గరు దంపతులు ఆమె విషము పెట్టజూచినదని అపవాదు వేసిరి. ఆమె మరల న్యాయస్థానమునకు వెళ్లి, పరువునష్టమునకు 125 డాలర్లు గెలిచెను. ఒక సంగతి గమనింపుడి. ప్రార్థనాపరురాలే, దేవుని చేతిని రుచి చూచినదే, రెండు మూడు సంవత్సరములు ఒక అబద్ధ ప్రవక్త ఇంటిలో ఊడ్చుచు ఉండెను. మన గ్రామములకు వచ్చిపోవు గడ్డములను గురించి మేము ఎక్కువ వ్రాయము.

పీటరు పట్టణములో చెడు సహవాసములో పడి జైలు చూచెను. 1839లో జోన్ అను తిమింగలములు వేటాడు ఓడలో సముద్రమెక్కెను. మూడు ఉత్తరములు వచ్చినవి. తల్లి ఉత్తరములు ఒక్కటియు తనకు చేరలేదని వ్రాసెను. 1842లో ఓడ తిరిగి వచ్చినది, వాడు దానిలో లేడు. న్యాయాధిపతి యొద్ద గెలిచిన బిడ్డను సముద్రము తీసికొనెను. ఆమె అట్లే దేవుని నమ్మెను. ఎట్లు నమ్మెనో మేము వివరింపజాలము.

1843 జూన్ 1న ఆమె దిండు గలీబులో రెండు బట్టలు, చేతిలో 25 సెంట్లు పెట్టుకొని పట్టణము విడిచెను. ఐగుప్తు విడుచుచున్నాననుకొనెను. బానిస పేరు వద్దని దేవుని అడిగి రెండు పేర్లు పెట్టుకొనెను. సొజర్నర్ అనగా నిలువక సాగిపోవు పరవాసి. ట్రూత్ అనగా సత్యము. కీర్తన 39:12లో దావీదు తన్ను గురించి ఏమని చెప్పుకొనెనో చూడుడి. అప్పుడామెకు నలువది ఆరేండ్లు. అంతవరకు ప్రతి యజమానుని ఇంటిపేరు ఆమె మోసినది.

ఊరూర కూటములలో చెప్పెడిది. చదువు రాదు గనుక బైబిలు చదివించుకొని వినెడిది. పెద్దలు చదువునప్పుడు మధ్య మధ్య తమ అర్థము కలుపుదురు. పిల్లలైన కలుపరు, అదే వాక్యమును ఎన్నిసార్లడిగినను మరల చదువుదురు. కనుక ఆమె పిల్లలను కూర్చుండబెట్టుకొని చదివించెడిది. చిన్నారులారా, మీ అవ్వకు మీరు చదువుట ఎంత పనియో చూచితిరా!

మసచూసెట్స్‌లో నార్తాంప్టన్ దగ్గర 1844లో పొలములో కూటము జరుగుచుండగా అల్లరి మూక కఱ్ఱలతో వచ్చి డేరాలు కాల్చెదమని బెదరించెను. ఆమె మొదట పెట్టె చాటున దాగెను. తానొక్కతెయే నల్లది, తనమీదనే పడుదురని భయము. దాగి, దేవుని సేవకురాలు దాగవచ్చునా అని తన్ను తాను గద్దించుకొని, లేచి, రమ్మనినను ఎవరును తోడు రాకపోగా ఒంటరిగా దిబ్బ యెక్కి క్రీస్తు పునరుత్థానమును గూర్చి పాడసాగెను. మూక చుట్టుముట్టెను. కొట్టుటకు కాదు, వినుటకు. ఇంకను పాడుమని బతిమాలిరి. ఒక గంటకు పైగా పాడి మాటలాడి, ఇక వెళ్లిపోవలెనని ఒప్పందము చేసికొని, చివరి పాట పాడగా వారందరు వెళ్లిపోయిరి.

ఆ నార్తాంప్టన్‌లోనే పట్టు తయారుచేయుచు కలిసి బ్రదుకు ఒక సమాజములో చేరి, బానిసత్వ నిర్మూలన వాదులైన గారిసన్‌ను, తానును బానిసగా నుండి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌ను ఎరిగెను. 1850లో ఆమె చెప్పగా ఆలివ్ గిల్బర్ట్ అను స్త్రీ వ్రాసిన జీవిత చరిత్ర అచ్చయినది. ఆమె దానిని సంచిలో మోసి కూటములలో అమ్మి, 300 డాలర్ల ఇంటి అప్పు తీర్చుకొనెను. ఆ పుస్తకము చివర డూమాంట్ సంగతి యున్నది. ముసలివాడై, బానిసత్వము పాపమని ఒప్పుకొనెనట. తన్ను కొన్నవాడు సహోదరుడైనాడని ఆమె ఆనందించెను.

1851 మే నెలలో ఒహాయో రాష్ట్రము ఆక్రన్ పట్టణములో స్త్రీల హక్కుల సభ జరిగెను. ఆమె లేచి, పొలములో పురుషునితో సమానముగా దున్నితిని, కోసితిని అని చెప్పెను. హవ్వ లోకమును తలక్రిందులు చేసెనని నిందింతురు గదా, అట్లయిన దానిని తిరిగి సరిచేయు అవకాశమును స్త్రీలకిమ్మని అడిగెను. మార్త మరియలు ఏడ్వగా ప్రభువు తానును ఏడ్చి లాజరును లేపెననియు, ఆ ప్రభువు లోకమునకు వచ్చినది దేవునివలనను స్త్రీవలనను గాని అందులో పురుషుని పాత్ర లేదనియు చెప్పెను. ఈ ఉపన్యాసము ఇప్పుడు లోకమంతట పేరుగాంచినది. అయితే పాఠశాలలలో ఎక్కువగా వల్లించునది 12 సంవత్సరముల తరువాత 1863లో మరియొకరు వ్రాసినది. దానిలో ఆమె నోట దక్షిణపు బానిసల యాస పెట్టిరి. డచ్చి మాతృభాషగా పెరిగిన ఉత్తరపు స్త్రీ అట్లు మాటలాడియుండదు. సభ జరిగిన కొన్ని వారములకే మారియస్ రాబిన్సన్ అచ్చువేసిన కథనమే సత్యమునకు దగ్గర.

ఆ దినములలో ఒక సభలో డగ్లస్ నిరాశపడి, ఇక రక్తము చిందక విడుదల రాదన్నట్లు మాటలాడెను. ముందు వరుసలో కూర్చున్న ఆమె, దేవుడు చచ్చెనా అని అర్థమిచ్చు ఒక్క ప్రశ్న వేసెను. సభ నిశ్శబ్దమాయెను. చివరకు యుద్ధము వచ్చి ఇద్దరి మాటయు నిజమాయెనని మా అభిప్రాయము. 1861లో మొదలైన యుద్ధములో నల్ల సైనికుల కొరకు మిచిగాన్ రాష్ట్రములో ఇంటింట తిరిగి ఆహారము పోగుచేసెను. ఆమె మనుమడు జేమ్స్ కాల్డ్‌వెల్ సైన్యములో చేరెను. 1864 అక్టోబరు 29న వాషింగ్టన్‌లో అధ్యక్షుడు లింకను ఆమెను కలిసికొని, బాల్టిమోరు నల్లవారు తనకు బహుమానమిచ్చిన బైబిలును చూపెను. ఒకప్పుడు ఆ జాతికి చదువు నేర్పుట చట్టవిరుద్ధమైన ఆ దేశములో!

1865లో బానిసత్వము చట్టము చేత పోయినది గాని బండ్లలో చోటు దొరకలేదు. వాషింగ్టన్ వీధి బండ్లలో నల్లవారిని కూర్చుండనియ్యవలెనని చట్టము చేసినను, కండక్టర్లు ఆపకపోయెడివారు. విడుదలైనవారి ఆసుపత్రిలో సేవ చేయుచున్న ఆమె ఒకనాడు ఎక్కబోగా కండక్టరు త్రోసి భుజము దెబ్బతీసెను. ఆమె మూడవసారి న్యాయము కోరెను. వాడు అరెస్టయి ఉద్యోగము పోగొట్టుకొనెను. అటు తరువాత బండ్లలో నల్లవారు కనబడసాగిరి.

విడుదలైనవారికి తిండి పెట్టుట చాలదు, భూమి కావలెనని ఆమెకు తోచెను. పడమటి దేశపు సర్కారు భూములిమ్మని 1870 మొదలు ఊరూర సంతకములు పోగుచేసెను. అధ్యక్షుడు గ్రాంటును కలిసికొనెను. కాంగ్రెసు ఏమియు చేయలేదు. భూమి లేనివానికి విడుదల ఎంతవరకు విడుదలయో మన గ్రామములవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1879లో దక్షిణపు నల్లవారు వేలాదిగా కాన్సాస్‌కు తరలిపోవుచుండగా, ఎనుబదేండ్లు పైబడిన ఆమె సహాయము చేయుటకు అక్కడికి పోయెను. మధ్యలో 1872 ఎన్నికలలో బాటిల్ క్రీక్ ఊరిలో ఓటు వేయబోగా వెళ్లగొట్టిరి. అమెరికా స్త్రీలకు ఆ హక్కు జాతీయముగా వచ్చినది 1920లో.

1997లో అంగారక గ్రహముపై దిగిన చిన్న బండికి సొజర్నర్ అని ఆమె పేరు పెట్టిరి. 2009లో అమెరికా శాసనసభ భవనములో ఆమె ప్రతిమను నిలిపిరి. ఆ గౌరవము పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమెయే.

చివరి దినములలో కాళ్లకు పుండ్లు పడి నడువలేకపోయెను. 1883 నవంబరు 26న బాటిల్ క్రీక్‌లో కన్నుమూసెను. దాదాపు వెయ్యిమంది గుడికి వచ్చిరి. ఓక్ హిల్ శ్మశానములో ఆమె సమాధి యున్నది. దాని రాతిపై ఆమె వయస్సు సుమారు 105 ఏండ్లని చెక్కిరి. నిజమునకు సుమారు 86. పుట్టిన దినము ఎవరును వ్రాసి ఉంచలేదు.